రుచియు, నీతియు

చదువరులారా! మద్యపానము కుటుంబములను కూల్చునను మాట మీకు క్రొత్త గాదు. నేనును ఇరువది సంవత్సరములుగా పాఠశాలలో పిల్లలకు ఆ మాటనే చెప్పుచు వచ్చినవాఁడను. కాని చెప్పిన సంగతి నిజమైనంతమాత్రమున చెప్పిన తీరును నిజమగునా యను సందేహము నాకు క్రిందటి వేసవిలో కలిగినది. ఆ సందేహమునకు కారణము చిన్న గాజుపాత్రలోని రెండు చెంచాల విస్కీ. సంస్కరణమును కోరు పత్రికలో విస్కీ రుచినిగూర్చి వ్రాయుట వింతగా దోఁచవచ్చును. తుదివఱకు చదివి, పిదప నన్ను నిందింపవలసియున్న నిందింపుఁడు.

నా పూర్వశిష్యుఁ డొకఁడు స్కాట్లండు దేశమున ఎడింబరో నగరములో ఇంజనీరుగా నున్నాఁడు. సెలవులలో నన్ను రప్పించుకొని, పది దినములు తన యింట నుంచుకొని ఆదరించెను. ఒకనాఁటి సాయంకాలము భోజనమునకు ముందు బల్లమీఁద ఒక సీసాను, తులిపపువ్వువలె నడుమ ఉబ్బి పైన ముడుచుకొనిన రెండు చిన్న గాజుపాత్రలను తెచ్చి పెట్టెను. నా మొగము చూచి యతఁ డిట్లనెను: “మాస్టారూ! ఎనిమిదో తరగతిలో మీరు చెప్పిన పాఠం నాకింకా జ్ఞాపకముంది. మద్యం కంపు కొడుతుందనీ, చేదుగా ఉంటుందనీ, తాగేవాడు కూడా మొహం చిట్లించుకునే మింగుతాడనీ చెప్పారు. ఈ దేశం వచ్చి మొదటిసారి దీన్ని రుచి చూచినప్పుడు నాకు తోచిన మొదటి మాట ఏమిటో తెలుసా? మాస్టారు మాకు అబద్ధం చెప్పారు, అని. ఆ ఒక్కటీ అబద్ధమని తేలగానే తక్కిన పాఠమంతా కూడా అబద్ధమే అనిపించింది. రెండేళ్లు చాలా తాగాను మాస్టారూ. ఉద్యోగం పోయేదాకా వచ్చింది. ఇప్పుడు నెలకొక్క సాయంకాలం, కొలిచి, ఇంతే. మీరూ ఒక్కసారి చూడండి. చూచిన తరువాత ఏం చెప్పినా వింటాను.”

నేను కొంతసేపు మాటాడలేకపోయితిని. విషము చంపునని చెప్పుటకు విషము త్రాగి చూడనక్కఱలేదు. ఆ న్యాయము నేనెఱుఁగుదును. కాని నా శిష్యుని యభియోగము హానినిగూర్చినది కాదు, రుచినిగూర్చినది. హానినిగూర్చి చెప్పుటకు నాకు కావలసినంత సాక్ష్యము గలదు. మా పినతండ్రి సారాయివలననే ముప్పదియాఱవ యేట మరణించెను. రుచినిగూర్చి చెప్పుటకు నాకు ఆధారమేమియు లేదు. చూడనిదానికి సాక్ష్యము పలికి, ఇది మంచిపనికొఱకే కదా యని సమాధానపడితిని. న్యాయస్థానమున నట్టివానిని కూటసాక్షి యందురు. కావున ఆ సాయంకాలము రుచిచూచుటకు నే నంగీకరించితిని.

సీసాపై బట్టీపేరు లేదు. అంకెలు మాత్రమే యున్నవి. 1983లో ఎడింబరోకు రేవైన లీత్‌లో స్థాపింపఁబడిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ యను సంఘమువారు బట్టీకొక యంకెయు, పీపాకొక యంకెయు నిచ్చి, పీపాను పీపాతో కలుపక, విడివిడిగా సీసాల కెక్కింతురు. పేరును చూచి మెచ్చుకొనక రుచిని చూచి మెచ్చుకొనవలెనని వారి తలంపు. చీటిమీఁద నున్న తక్కిన వివరములు రెండే: వయస్సు 6 సంవత్సరములు, బలము నూటికి 60 పాళ్లు.

ఈ రెండంకెల యర్థము తెలియవలెనన్న ఆ దేశపు పద్ధతి కొంత తెలియవలెను. బార్లీగింజలను నానఁబెట్టి మొలకెత్తించి, ఎండించి, పిండిచేసి, వేఁడినీట కలిపి, తేఱిన తీపినీటిని పులియఁబెట్టి, రాగిబట్టీలలో సాధారణముగా రెండుమాఱులు కాఁచి దింపిన సారమును ఓకుకొయ్య పీపాలలో నింపి నిలువచేయుదురు. 2009 సంవత్సరపు స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారము పీపా 700 లీటర్లకు మించరాదు. సారము స్కాట్లండు గడ్డమీఁదనే మూఁడు సంవత్సరములకు తక్కువగాక పీపాలో నుండవలెను. సీసాలో బలము నూటికి 40 పాళ్లకు తగ్గరాదు. నీరును, కాల్చిన చక్కెరరంగును తప్ప వేఱొకటి కలుపరాదు. అంగళ్లలో దొరకు విస్కీ సాధారణముగా ననేక పీపాల కలయిక. ఒకదాని కొఱఁతను మఱియొకటి కప్పిపుచ్చును. పిదప నీరు కలిపి బలమును 40 పాళ్ల దగ్గఱకు దింపుదురు. మా యెదుట నున్నది అట్టిది కాదు. ఒక్క పీపా, నీరు కలుపలేదు, రంగు చేర్పలేదు. పీపాలో నింపునపుడు సారము నూటికి 63 పాళ్లకు కొంచెము పైగా నుండుట వాడుక. ఆ చల్లని తేమగాలిలో ఏఁటేఁట నూటికి రెండు పాళ్ల సరకు కొయ్యగుండ ఆవిరియై పోవును. దానిని వారు దేవదూతల పాలు అందురు. బలమును మెల్లమెల్లగా తగ్గును. కాని ఆఱేండ్లలో తగ్గుట కొంచెమే. కావున పిన్నవయస్సును, గొప్పబలమును ఒక్కచోట చేరినవి.

నా శిష్యుఁడు పాత్రలో రెండు చెంచాలంత పోసి, “ముందు ముక్కుతో, మాస్టారూ, దూరంగా” అనెను. తొందరపడి దగ్గఱకు తీసికొనినందున కన్నులలో నీరు తిరిగినది. రెండవమాఱు దూరముగా పట్టితిని. అప్పుడు నాకు తెలిసిన వాసన మొదట పొగ. వర్షకాలమున తడిసిన కట్టెలు పొయ్యిలో రాఁజుకొనక రాఁజుకొనునప్పటి పొగ. ఆ వెనుక పుండునకు వ్రాయు అయొడిను మందువాసన. ఆ వెనుక నిమ్మతొక్క. ఈ సరకు పడమటి సముద్రమునందలి ఐలా ద్వీపపుదని నా శిష్యుఁ డూహించుచున్నాఁడఁట. అచ్చట నాచు మొదలగునవి బురదనేలలో వేలకొలది యేండ్లు క్రుళ్లి యేర్పడిన పీట్ అను మట్టిని ఇటుకలవలె కోసి, ఎండఁబెట్టి, ఆ మంటపై మొలకెత్తిన బార్లీని ఆఱఁబెట్టుదురు. ఆ నేల పొగయే గింజలో దూరి, బట్టీలో ఆవిరియై, పీపాలో నిదురించి, నా ముక్కునకు వచ్చి చేరినది.

పిమ్మట నాలుకపై ఒక్క బొట్టు వేసికొంటిని. మొదట రుచి యనునది లేనేలేదు, మంట మాత్రమే. గుంటూరు మిరపకాయ కొఱికిన మంట. ఇది ఉపమానము మాత్రమే కాదు. మిరపకారమును మెదడునకు తెలియఁజేయు నాడీగ్రాహక మేదియో, ఆల్కహాలును వేఁడిగా తెలియఁజేయునదియు నదియే యని శాస్త్రజ్ఞులు కనుఁగొనిరి. అపుడు నా శిష్యుఁడు గాజుగొట్టముతో నీటిచుక్కలు కొన్ని వేసెను. అరనిమిషము గడచినది. నేను చూచుచుండఁగనే పాత్రలోని సరకు వేఱొక వస్తు వైనది! పొగ వెనుకకు తగ్గి దాని నడుమనుండి వేఁగించిన గింజల తీపి, పచ్చికొబ్బరి, కొంచెముగా మాడిన బెల్లపుపాకము బయలువెడలినవి. కొబ్బరివాసన అమెరికా ఓకుకొయ్య యిచ్చినది. ఆ దేశపు చట్టము బూర్బన్ విస్కీని లోపల కాల్చిన క్రొత్తపీపాలలోనే యుంచవలెననుటచే, ఒకమాఱు వాడిన పీపాలు ఓడలెక్కి స్కాట్లండునకు చేరును. నీటిచుక్క చేసిన మాయనుగూర్చి 2017లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞు లిద్దఱు గణితయంత్రముతో లెక్కవేసి చూచిరి. బలము మిక్కుటముగా నున్నపుడు పొగవాసన నిచ్చు అణువులను ఆల్కహాలు చుట్టుముట్టి లోపల బంధించుననియు, నీరు చేరినపుడు అవి ద్రవముపైభాగమునకు వచ్చుననియు వారు తేల్చిరి.

నిజము చెప్పెదను. అది బాగుండెను. బాగుండుట యననేల, సుందరముగా నుండెను. చేదు గాదు, కంపు గాదు. నా యిరువదియేండ్ల పాఠములోని మొదటి వాక్యము ఆ క్షణమున కూలిపోయినది.

రుచిచూచుట యను కార్యములో నొక నీతియు గలదని నాకు ఆ సాయంకాలమే తెలిసినది. భరతుఁడు నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున రసమనఁగా నేమో చెప్పుటకు భోజనమునే యుపమానముగా గ్రహించెను. నానావ్యంజనములతో కూడిన యన్నమును మనస్సు నిలిపి తినువాఁడు దాని రుచుల నాస్వాదించినట్లు ప్రేక్షకుఁడు భావముల నాస్వాదించునని యాయన మతము. అచ్చట ముఖ్యమైనది మనస్సు నిలుపుట. మేమిద్దఱమును ఆ రెండు చెంచాలతో ముప్పావుగంట గడపితిమి. నాకు నిమ్మయని తోఁచినది అతనికి పచ్చియాపిలుగా తోఁచెను. ఎవఱిదియు తప్పనలేదు, మరల వాసన చూచితిమి. ఉన్నది ఉన్నట్లు చెప్పుట, లేనిది లేదనుట, ఒరుల మాటకు లొంగి తనకు దోఁచనిదానిని తోఁచినదనకుండుట – ఇవి సత్యవ్రతమునకు చిన్నచిన్న మెట్లు. మనుష్యులను కూడ కులము పేరు, ఊరు పేరు చీటిపై లేకుండ, అంకె మాత్రమే చూచి, ఓపికతో పరీక్షింపఁగలిగినచో మన సంఘ మెంత బాగుపడును!

వయస్సునుగూర్చియు నొక పాఠము గలదు. ప్రాచీనమే గొప్పదనుట మనకు పరిపాటి. చరకుఁడును క్రొత్తమద్యము గురువనియు, దోషములను పెంచుననియు, ప్రాఁతది లఘువనియు చెప్పెను. ఆంగ్లేయుల చట్టమును అట్టిదే. 1915లో యుద్ధకాలమున మద్యపానమును తగ్గింపవలెనని పట్టుపట్టిన ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి కాలముననే, పక్వముగాని సారమును అమ్మరాదను శాసనము పుట్టినది. మొదట రెండేండ్లు, 1916 నుండి మూఁడేండ్లు. నేఁడు స్కాచ్ విస్కీ గౌరవమునకు మూలమని చెప్పఁబడు మూఁడేండ్ల నియమము మద్యవిరోధుల యొత్తిడివలన కలిగినదన్న వింత పడువారుందురు. ఇట్లుండియు, ఆ యాఱేండ్ల సరకులో నేను చూచినది లోపము మాత్రమే కాదు. ఏండ్లు గడచినకొలఁది పీపా సారమును మెత్తపఱచును; పొగను తగ్గించును; కొయ్యరుచి నెక్కించును. పిన్నదానిలో గింజ, నేల, పొగ – తన పుట్టుకలోనివన్నియు దాఁపఱికము లేక కనఁబడును. తరగతిలో పదునాలుగేండ్ల బాలుఁడు కటువుగా నాడిన నిజము నాకు జ్ఞాపకము వచ్చినది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రపు ప్రస్తావనలో క్రొత్తప్రాఁతల వివాదమునకు సమాధానము చెప్పియే నాటకము నారంభించెను. క్రొత్తదనుటయు ప్రాఁతదనుటయు నిర్ణయము గాదు, పరీక్షయే నిర్ణయము.

చదువరులారా! ఇంతవఱకు వ్రాసినదానిని నేనే మరల చదువుకొనఁగా నాకు భయము కలిగినది. రెండు చెంచాల సరకు నాచేత భరతుని, చరకుని, కాళిదాసును పలికించినది! దాని యసలు మత్తు ఇదియే. ఎడింబరోలో నాకు తల తిరుగలేదు, కాలు తూలలేదు. కాని నేను రసికుఁడననియు, త్రాగుఁబోతును గాననియు ఒక సంతోషము మనస్సులో నెక్కినది. ఆల్కహాలు మత్తు తెల్లవాఱునప్పటికి దిగును. ఈ మత్తు దిగదు.

దానిని దింపుటకు కొంచెము లెక్క చాలును. ఆ సీసాలో 700 మిల్లీలీటర్లు పట్టును. బలము నూటికి 60 పాళ్లు. అనఁగా 420 మిల్లీలీటర్ల నిఖార్సైన ఆల్కహాలు. పొగయు, నిమ్మయు, కొబ్బరియు నను పేళ్లు తీసివేసినచో మిగులునది, మా పినతండ్రి త్రాగిన సారా ప్యాకెట్టులో నున్నదియు ఒక్కటే వస్తువు. కాలేయమునకు రసజ్ఞత లేదు. ఆల్కహాలు క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించెను. ఏ మోతాదైనను నిరపాయమని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. ‘జీవజలము’ అను నర్థముగల గేలిక్ మాటనుండియే విస్కీ యను పేరు పుట్టినది. ఆ జీవజలపు దేశమున 2023 సంవత్సరమున కేవలము ఆల్కహాలు కారణముగా మరణించినవారు 1,277 మంది. మిక్కిలి బీదపేటలలో ఈ మరణములు కలిగినవారి పేటలకన్న నాలుగురెట్లకు మించి యున్నవి.

బీదలమాట వచ్చినది గావున ధరమాట చెప్పెదను. స్కాట్లండు ప్రభుత్వము 2018 మే 1 నుండి మద్యమునకు కనీసపుధర నేర్పఱచినది. పది మిల్లీలీటర్ల ఆల్కహాలునకు మొదట 50 పెన్నీలు, 2024 సెప్టెంబరు 30 నుండి 65 పెన్నీలు. ఆ లెక్కచొప్పున మా యెదుట నున్న సీసాకు కనీసపుధర 27 పౌనుల 30 పెన్నీలు. నా శిష్యుఁడు దానికి ఇచ్చినది అంతకు రెట్టింపునకు మించినది. కావున ఆ చట్టము మమ్ము తాఁకనే లేదు. చౌకసరకు కొను బీదవానినే తాఁకినది. ఆ చట్టము తప్పని నేననను. ప్రాణములు కాపాడు చట్టమైన మంచిదే. కాని నియమము బీదవానికి, రసజ్ఞత ధనవంతునికి నను పంపకము దానిలో కనఁబడుచున్నది.

ఈ పంపకము మన దేశమున ఇంకను స్పష్టముగా జరిగినది. నేను పుట్టినది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదువుకొనుచు, ఆలోచించుకొని, తమ యూరి సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమము జిల్లా యంతయు వ్యాపించి సారా వేలంపాటలను నిలిపివేసినది. అప్పుడు నేను బాలుఁడను. మా యూరి వీథిలో స్త్రీలు ప్యాకెట్ల మూటను క్రిందఁబోసి కాళ్లతో త్రొక్కుట చూచితిని. అందఱికంటె ముందు నిలిచినది మా పినతల్లి. అప్పటికి పినతండ్రి పోయి రెండేండ్లు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపఁబడెను. కాని బ్రాందీ విస్కీ దుకాణములు? అవి యట్లే యుండెను. వానిని మూయించు సంపూర్ణనిషేధము 1995 జనవరిలో గాని రాలేదు; వచ్చినదియు 1997లో సడలిపోయెను. కూలివాని సారాయి పాపమైన పదునైదు నెలలు దొరవారి విస్కీ మర్యాదగానే నిలిచినది. సీసాకు చీటి, చీటిపై ఆంగ్లమున పేరు నున్నచో దోషము గుణమగునా?

స్కాట్లండులోను ఇట్టి స్త్రీపురుషులు లేకపోలేదు. ఈశాన్యతీరముననున్న విక్ అను పట్టణమువారు 1913 సంవత్సరపు చట్టము ననుసరించి వోట్లు వేసి, 1922 మొదలు 1947 వఱకు ఇరువదియైదేండ్లు తమ యూర మద్యము అమ్మనీయలేదు. ఆ యూరిలోనే పుల్ట్‌నీ యను విస్కీబట్టీ గలదు. ఊరిలో అమ్మకము నిలిచినను బట్టీ 1930లో మూఁతపడువఱకు పొగ విడుచుచునే యుండెను. తమ చేతులతో చేయుదానిని తాము త్రాగరాదని నిర్ణయించుకొనిన ఆ యూరివారికి దాని రుచి తెలియదని యెవఱనఁగలరు? తెలిసియే వలదనిరి. నా ప్రశ్నకు సమాధాన మచ్చట నున్నదని నాకు తోఁచినది.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును: “మితముగా రుచిచూచువానికిని, మితిమీఱి త్రాగువానికిని భేదము లేదా?” కలదు. లేదన్నచో మరల అబద్ధము చెప్పినవాఁడ నగుదును. విస్కీని కలుపు పనిలో నారితేఱినవారు దినమునకు వందలకొలఁది మచ్చులను పరీక్షింతురు. నీరు కలిపి నూటికి 20 పాళ్లకు దింపి, ముక్కుతోనే చూచి, త్రాగక ప్రక్కకుఁ బెట్టుదురు. ఎక్కువగా తెలిసినవాఁడు తక్కువగా త్రాగునన్నమాట. కాని ఈ భేదము మన యిచ్ఛామాత్రముచే నిలుచునది గాదు. ఒకఁడు నెలకు రెండు చెంచాలతో నాగఁగలఁడు. వాని తమ్ముఁ డాగలేఁడు. ఎవఁ డాగునో, ఎవఁ డాగఁడో ముందుగా తెలుపు చీటి మనుష్యునిపై నంటింపఁబడి యుండదు. నా శిష్యుఁడు రెండేండ్లు ఆగలేకపోయెను. నేఁ డాగుచున్నాఁడు. ఱేపు? ఆ మాట నేనతని నడిగితిని. అతఁడు సీసావంక చూచి, “అది నాకూ తెలియదు మాస్టారూ” అనెను. ఆ సాయంకాలము మేము పలికిన మాటలన్నిటిలో మిక్కిలి నిజమైనది అదియే.

మఱి పిల్లలకు నేనేమి చెప్పవలెను? మన పూర్వులు ఈ విషయమున నాకంటె సత్యవంతులు. భారతము ఆదిపర్వమున అసురులు కచుని కాల్చి, ఆ భస్మమును సురలో కలిపి, వాని గురువైన శుక్రునిచేతనే త్రాగించిరి. నిజము తెలిసిన పిదప శుక్రుఁడు సురాపానమును నిషేధించెను. ఆయన రుచి తెలియక నిషేధించినవాఁడు గాఁడు. ప్రియశిష్యుని భస్మము కలిసినను పోల్చుకొనలేనంతగా తన తెలివిని కప్పివేసినదని తెలిసికొని నిషేధించెను. ఆ కథ నేను పలుమాఱు చెప్పితిని. దాని యర్థము ఎడింబరోలో తెలిసినది. గురువు త్రాగిన పాత్రలో శిష్యుఁ డుండెను. నా యబద్ధపుపాఠములోను నా శిష్యుఁ డుండెను.

మంచికొఱకు చెప్పిన యబద్ధము మంచిని నిలుపలేదు. ఏలనన, అది మొదటి యనుభవమునకే కూలును. కూలునపుడు తనతో నిజమునుగూడ లాగికొనిపోవును. మద్యము చేదని చెప్పి పెంచిన బాలునికి అది తీపియని తెలిసిననాఁడు వానిచేతిలో ఆయుధము మిగులదు. కావున జూను నెలలో బడి తెఱచినపుడు నేను పాఠము మార్చితిని. “నాయనలారా! అది బాగుండవచ్చును. నేను చూచితిని, బాగుండెను. బాగుండుటయే దాని యపాయము. మీలో ఎవఁ డాగఁగలఁడో, ఎవఁ డాగలేఁడో నాకు తెలియదు, మీకును తెలియదు. కావున వలదనుచున్నాను” అని చెప్పితిని. తరగతి నిశ్శబ్దముగా వినినది. ఇరువదియేండ్లలో ఆ పాఠమునకు నవ్వకుండ వినిన తరగతి అదియే. తోడియుపాధ్యాయుఁ డొకఁడు ఇట్టిది పిల్లలకు చెప్పుట ప్రమాదమనెను. ప్రమాదమే. కాని వంతెన బలహీనమని చెప్పుటయందలి ప్రమాదము, ఏఱే లేదని చెప్పుటయందలి ప్రమాదముకన్న చిన్నది.

ఆ సాయంకాలము నా పాత్రలో సగము మిగిలినది. బాగుండలేదని కాదు, బాగుండెనని తెలిసిన పిదప ఇంకను తెలియవలసినదేమియు లేదు గనుక. నా శిష్యుఁడు దానిని తన పాత్రలో పోసికొనునేమోయని చూచితిని. అతఁడును చూచెను. పిమ్మట లేచి తీసికొనిపోయి తొట్టిలో పారఁబోసెను.

ఊరికి వచ్చిన తరువాత పినతల్లిని చూడఁబోయితిని. ఆమె కిపుడు డెబ్బదియేండ్లు. దాఁచుట న్యాయము గాదని జరిగినది చెప్పితిని. ఆమె చేటలోని బియ్యము నేరుచుచు, తల యెత్తకయే, “బాగుండిందా నాయనా?” అని యడిగెను.

“బాగుండింది పిన్నమ్మా.”

“మీ చిన్నాయన గూడా అదే మాట చెప్పేవాడు” అని, కొంతసేపటికి, “ఆయన నిజమే చెప్పేవాడు. అందుకే ఆయనతో పోట్లాడి గెలవలేకపోయినా” అనెను.